శుక్రవారం పుట్టిన నిప్పు

మా తమ్ముడి మనవడు వేసవి సెలవుల్లో ఏదో క్యాంపుకి వెళ్ళొచ్చాడు. అడవిలో తప్పిపోతే ఎలా బతకాలో అక్కడ నేర్పారట. రాజమండ్రిలో రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకునే పిల్లాడు అడవిలో బతుకుతానంటున్నాడు, సరే. వస్తూ వస్తూ ఒక సంచి తెచ్చుకున్నాడు. అందులో ఒక చిన్న విల్లు, ఒక గుండ్రటి పుల్ల, ఒక చెక్క, అరచేతిలో ఇమిడే రాయి ఉన్నాయి. పుల్లని విల్లు తాడుకి మెలేసి, చెక్క మీద నిలబెట్టి, పైన రాయితో అదిమి, విల్లుని రంపంలా లాగితే నిప్పు పుడుతుందట. ఎవరో తెల్లవాడు చేస్తున్న వీడియో ఫోన్లో పెట్టుకుని వాడు నిన్నట్నుంచీ మా హాల్లో అదే పని. ఫ్యాన్ వేస్తే పొడి ఎగిరిపోతుందని ఫ్యాన్ కూడా కట్టేశాడు. ఇంట్లో అందరం చెమటలు కక్కుతున్నాం.

నేను సోఫాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతున్నాను. ఉన్నట్టుండి ఒక వాసన వచ్చింది. వంటింటి పొగ కాదు, చెత్త కాల్చిన పొగ కాదు. చెక్క మీద చెక్క రాసుకుని కమిలిన వాసన, కొంచెం తియ్యగా, గొంతులో పట్టేసేలా ఉంటుంది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. జన్మలో ఒక్కసారే పీల్చాను ఆ వాసన, ఎనిమిదేళ్ళప్పుడు. పిల్లాడు ఎక్కడ తప్పు చేస్తున్నాడో కూడా నాకు తెలుస్తూనే ఉంది. కానీ అడగని వాళ్ళకి చెప్పే అలవాటు నాకు లేదు. అందుకని కాయలు పక్కన పెట్టి ఊరుకున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు గోదావరి మధ్యలో ఒక లంక. ఊరు అనడం కూడా ఎక్కువే. అరటి తోటలు, మిరప చేలు, పొగాకు మళ్ళు, వాటి మధ్య అక్కడక్కడా తాటాకు ఇళ్ళు. అన్నిటికంటే మెరక మీద రెండిళ్ళు పక్కపక్కన ఉండేవి. ఒకటి మా అమ్మమ్మది, రెండోది ఆవిడ తోడికోడలిది. ఆవిణ్ణి నేను చిన్నమ్మమ్మ అనేదాన్ని. రెండిళ్ళకీ మధ్య కంపదడి. అగ్గిపెట్టె కావాలన్నా పడవెక్కి అవతలి ఒడ్డుకి పోవాలి కాబట్టి లంకలో ఎవరూ పుల్లలు గీసి పారేసేవారు కాదు. పొయ్యిలో నిప్పు రాత్రి ఊక కప్పి దాచుకునేవారు. ఆరిపోతే పిడక ముక్క పట్టుకుని పక్కింటికి వెళ్ళి అంటించుకొచ్చేవారు.

దానికీ ఒక పద్ధతుంది. మంగళవారం, శుక్రవారం దీపాలు పెట్టాక నిప్పు గడప దాటకూడదు. దాటితే ఇంటి లక్ష్మి దాంతోపాటే పోతుందని. పురిటిల్లయితే వారంతో పని లేదు, ఏ రోజూ ఇవ్వరు.

నేను చెప్పే సంగతికి ముందటేడు ఒక శుక్రవారం సాయంత్రం చిన్నమ్మమ్మ కొత్తల్లుడు చెప్పాపెట్టకుండా దిగాడట. ఆవిడ పొయ్యి ఆరిపోయి ఉంది. పిడక ముక్కతో దడి దాటి వచ్చేసరికి మా అమ్మమ్మ అప్పుడే దీపం పెట్టి లేస్తోంది. శుక్రవారం పూట ఎలా ఇస్తానే అంది. ఆ రాత్రి కొత్తల్లుడు కాఫీ లేదు, వేడన్నం లేదు, చల్ల తాగి పడుకున్నాడు. చిన్నమ్మమ్మకి తల తీసేసినట్టయింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే, చెప్పుకోవలసినవి ఉండవని కాదు కదా. మా అమ్మమ్మ పెరట్లో నిలబడి దూడకి చెప్పేది: ఏమే, కొందరి కోళ్ళు మన మిరప నారంతా కెలికేస్తున్నాయే అని. అవతల చిన్నమ్మమ్మ కాకికి జవాబిచ్చేది. మా అమ్మ పురిటికని నన్ను వెంటబెట్టుకుని వచ్చాక దూడకీ కాకికీ ఆ పని తప్పి నాకు పడింది. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేదాన్ని. ఊరికే మొయ్యడం విసుగు కాబట్టి దారిలో కాస్త ఉప్పూ కారం వేసేదాన్ని. "కోళ్ళని కట్టేసుకోమను" అన్న మాట దడి దాటేసరికి "మీ కోళ్ళు మీకన్నా బలిశాయట" అయ్యేది. రెండిళ్ళ వాళ్ళూ కబురు వినగానే నా చేతిలో మామిడితాండ్ర ముక్క పెట్టేవారు. చిన్నమ్మమ్మ తాండ్ర పల్చగా, పుల్లగా ఉండేది. అమ్మమ్మది మందం, నమిలితే పళ్ళకి అంటుకునేది. ఈ మాట అమ్మమ్మతో అనకపోవడానికి మాత్రం నాకు బుద్ధి ఉండేది.

ఆ ఏడు ముసురు పట్టిందంటే వదల్లేదు. బుధవారం మా తమ్ముడు పుట్టాడు. అనుకున్నదానికంటే ముందే వచ్చాడు, ఎలకపిల్లంత ఉన్నాడు. మంత్రసాని స్నానం చేయించి, మంచం కింద కుంపటి ఆరకుండా చూసుకోండమ్మా, ఈ పిల్లాడికి వెచ్చదనమే ప్రాణం అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. గురువారం గోదారి ఎర్రగా పొంగి లంక అంచులు దాటింది. మగవాళ్ళంతా గొడ్లని పడవల మీద ఏటిగట్టుకి చేర్చడానికి పోయారు. రెండో రోజు బాలింతని ఆ వానలో, ఆ పడవలో ఎక్కించనని మా అమ్మమ్మ పట్టుబట్టింది. తాతయ్య మళ్ళీ వస్తానని వెళ్ళాడు. ప్రవాహం పెరిగి రాలేకపోయాడు.

మెరక మీద మిగిలింది మేమూ, దడి అవతల చిన్నమ్మమ్మా, ఒక వడ్రంగి. ఆయన్ని అందరూ ఆచారి గారనేవారు, నేను ఆచారి తాత అనేదాన్ని. పుట్టబోయే పిల్లాడికని పాత ఉయ్యాల తొట్టి బాగుచెయ్యడానికి వచ్చి మా అరుగు మీద చిక్కుబడిపోయాడు. ఒళ్ళో పనిముట్ల సంచి, నోట్లో లంక పొగాకు చుట్ట. ఆయన అగ్గిపెట్టె ముందు రోజే తడిసిపోయింది. చుట్ట ముట్టించుకోవడానికి పురిటింట్లో నిప్పు అడగాలంటే మొహమాటం. అందుకని ముట్టించని చుట్టనే నములుతూ తొట్టికి చిల్లులు పెడుతుండేవాడు.

శుక్రవారం వచ్చింది. గోదారి పెరటి గుమ్మం దాకా వచ్చినా శుక్రవారం శుక్రవారమే. పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, బొట్లు పెట్టకపోతే మా అమ్మమ్మకి కాళ్ళూ చేతులూ ఆడవు. మధ్యాహ్నం వంటపాకలో పొయ్యి అలకడానికని అందులో నిప్పంతా తీసి కుంపట్లో వేసింది. మంచం కింద బూడిదైపోయిన నిప్పుని కూడా మార్చాలి కదా అని ఆ కుంపటినే బయటికి తెచ్చి అన్నీ ఒకచోట కూర్చింది. పేడనీళ్ళు చిందుతాయని కుంపటిని చూరు కింద పెట్టింది. నాలుగు రోజుల వానకి నానిన చూరు తాటాకులు, మట్టీ నీళ్ళతో సహా, ఒక్కసారిగా జారి దాని మీద పడ్డాయి. బుస్సుమన్న చప్పుడు నాకు వినిపించింది. అమ్మమ్మ పేడ చేతులతోనే ఆ తాటాకులు లాగి పారేసి, బొగ్గుల్ని ఒక్కొక్కటే తీసి నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. ఒక్కటీ ఎర్రబడలేదు.

గూట్లో అగ్గిపెట్టెలు రెండున్నాయి. గీస్తే పుల్లల మందు బురదలా ఊడి వస్తోంది. ఆవిడ అన్ని పుల్లలూ గీసింది. అయిపోయాక ఖాళీ పెట్టె పట్టుకుని గోడకి చేరబడి కూర్చుండిపోయింది. ఎవర్నీ తిట్టలేదు. అమ్మమ్మ తిట్టకపోవడం అంతకు ముందు నేను చూడలేదు.

చిన్నమ్మమ్మ ఇంట్లో నిప్పుందేమో కనుక్కు రమ్మని అమ్మ నన్ను పంపింది. అమ్మమ్మ వద్దనలేదు, ఊఁ అనలేదు. ఈసారి నేను ఉప్పూ కారం వెయ్యలేదు. చిన్నమ్మమ్మ వంటపాక మాకంటే పల్లంలో ఉంది. పొద్దున్నే నీళ్ళొచ్చి పొయ్యి మునిగిపోయిందని ఆవిడ నాకు చూపించింది. పొయ్యి రాళ్ళ మీద ఎర్రనీళ్ళు కదులుతున్నాయి. పొద్దున్నుంచీ ఆవిడ తిన్నది నానబెట్టిన అటుకులూ బెల్లమూ. మా ఇంట్లో కూడా నిప్పు లేదని విని ఆవిడ మొహం అదోలా అయింది.

సాయంత్రమయ్యేసరికి పిల్లాడు పాలు పట్టడం మానేశాడు. తర్వాత ఏడవడం మానేశాడు. అమ్మ వాణ్ణి రొమ్ముకి ఆనించుకుని చీర కప్పుకుంది కానీ ఆవిడే వణుకుతోంది, పక్కబట్టలన్నీ చెమ్మ. "నీ చేతులు వెచ్చగా ఉన్నాయేమో, తమ్ముడి పాదాలు పట్టుకోవే" అంది నాతో. పట్టుకున్నాను. నా చేతులూ వెచ్చగా లేవు. వాడి గోళ్ళు నీలంగా ఉన్నాయి. నాకు భయం వేసింది. చీకటి పడితే ఏమవుతుందని ఎవరూ అనలేదు కానీ అందరం దాని గురించే ఆలోచిస్తున్నామని నాకు తెలుసు.

అప్పుడు ఆచారి తాత గడప బయట నుంచి అన్నాడు: "అమ్మగారూ, బరమాతో ప్రయత్నం చేస్తానండి."

బరమా అంటే చెక్కకి చిల్లు పెట్టే పనిముట్టు. ఇనప మొన ఉన్న కర్ర. దానికి విల్లులాంటి కమాను తాడు మెలేసి అటూ ఇటూ లాగితే గిర్రున తిరుగుతుంది. మొన అరిగిపోయినా, మరీ అదిమినా చెక్క కమిలి పొగ వస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో అలా పొగ వచ్చినప్పుడల్లా గురువు నెత్తి మీద మొట్టేవాడట. ఎన్నో ఏళ్ళుగా పొగ రాకుండా పని చేసిన మనిషి, ఇప్పుడు కావాలని పొగ తెప్పించాలి. నిప్పు దాకా ఎప్పుడూ వెళ్ళనివ్వలేదండి, వస్తుందో రాదో అని కూడా ముందే చెప్పాడు.

పొడిగా ఉన్న చెక్క ఎక్కడుందని వెతుకులాట. వంటపాకలో పొయ్యి పైన అటక మీద, ఏళ్ళ తరబడి పొగచూరి నల్లబడ్డ ఒక మందార కర్ర దొరికింది, ఇనప మొన బదులు తిప్పడానికి. పప్పుగుత్తికి పిడి చేయించాలని అమ్మమ్మ దాచింది. కింద పెట్టడానికి ఊరగాయ జాడీ మీది బూరుగు చెక్క మూత. కమానుకి ఉన్న తోలు తాడు తడికి సాగిపోయి జారుతోంది, దాని బదులు కవ్వం తాడు కట్టాడు. కర్ర పైకొనని అదమడానికి కొబ్బరి చిప్ప, అందులో చుక్క ఆముదం.

మొదలుపెట్టాడు. కమాను గుర్రుగుర్రుమంటూ తిరిగింది. కాసేపటికి ఆ వాసన వచ్చింది, ఇందాక చెప్పిన వాసన. సన్నగా పొగ లేచింది. అమ్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆచారి తాత ఆగి, వంగి, చిల్లులోకి ఉఫ్ అని ఊదాడు. పొగ పోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ పొగ. మళ్ళీ ఆగి ఉఫ్ అన్నాడు. మూతలో చిల్లు లోతుగా, నున్నగా, ఎంతో అందంగా తయారవుతోంది. నిప్పు లేదు. చెమట ముక్కు మీదుగా కారుతోంది. కర్ర అవతలికి వచ్చేస్తే ఇంకో చోట మొదలుపెట్టాడు. అదీ అంతే.

అప్పుడే పెరటి గుమ్మంలో చిన్నమ్మమ్మ. నడుం దాకా తడిసిపోయి ఉంది. నీళ్ళలోంచి దడి తోసుకుని వచ్చేసింది. చంకలో ఒక రేకు డబ్బా. ఏడాది తర్వాత మా అమ్మమ్మ మొహం చూసి నేరుగా అడిగింది: "పిల్లాడి ఏడుపు వినపడ్డం లేదేంటక్కా?"

అమ్మమ్మ పమిట నోట్లో కుక్కుకుంది.

మాటలు మానేసిన మనిషి మూడు రోజులుగా ఆ దడి పక్కనే చెవి పెట్టుకుని కూర్చుందని నాకు అప్పుడు తెలిసింది. పిల్లాడు ఎప్పుడు పాలు తాగాడో, ఎప్పుడు పడుకున్నాడో ఆవిడకి మాకంటే బాగా తెలుసు.

చిన్నమ్మమ్మ ఆచారి తాత ఎదురుగా గొంతుక్కూచుని చూసింది. ఆయన లాగాడు, పొగ వచ్చింది, ఆయన వంగాడు. ఆవిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "ఊదకండి ఆచారి గారూ. ఆ పొడే కదా నిప్పయ్యేది" అంది.

ఆచారి తాత తెల్లబోయాడు. ఊదుతున్నానా అని అడిగాడు. ఆయనకే తెలియదు. చిల్లు పెట్టేటప్పుడు పొడి ఊదెయ్యడం వడ్రంగి వాళ్ళకి రెప్ప వెయ్యడం లాంటిది. పొయ్యి దగ్గర బతికిన ఆడవాళ్ళు వేరు. ఊక కుప్పగా ఉంటేనే లోపల నిప్పు బతుకుతుందని వాళ్ళకి తెలుసు. పొడి బయటికి రాలి ఒకచోట కుప్పపడాలని అమ్మమ్మ అంది. అలా అయితే చిల్లు పక్కన గాడి కొట్టాలమ్మగారూ అని ఆయన ఉలి తీశాడు. గాడి కింద తాటాకు ముక్క పెట్టాడు. మళ్ళీ మొదలుపెడితే ఊదడానికి మళ్ళీ ఆయన మూతి ముందుకొచ్చేసింది. చిన్నమ్మమ్మ ఇంక మాట్లాడకుండా ఆయన భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డంగా, గట్టిగా కట్టేసింది. అంత దిగుల్లోనూ నాకు నవ్వొచ్చింది.

అమ్మమ్మ కొబ్బరి చిప్ప అదిమింది. చిన్నమ్మమ్మ చెక్క మీద పాదం పెట్టి తొక్కిపట్టింది. ఆచారి తాత రెండు చేతులతో కమాను లాగాడు. ఆడవాళ్ళిద్దరి తలలూ తగులుతున్నాయి. గాడిలోంచి కాటుక లాంటి పొడి రాలి కుప్పయింది. పొగ ఇప్పుడు కర్ర నుంచి కాదు, ఆ కుప్ప నుంచి వస్తోంది. కమాను ఆగింది. పొగ ఆగలేదు. కుప్ప మధ్యలో ఆవగింజంత ఎరుపు కనపడింది.

దూది కావాలంది అమ్మమ్మ, ఇంట్లో దూదంతా చెమ్మ అని కూడా తనే అంది. చిన్నమ్మమ్మ రేకు డబ్బా మూత తీసింది. లోపల పొడిపొడిగా, తెల్లగా, అంచుల దాకా వత్తులు. లక్షవత్తుల నోముకని పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ మధ్యాహ్నం కూర్చుని చేస్తున్న వత్తులవి. అమ్మమ్మ వద్దే అని చెయ్యి పట్టుకుంది. ఆవిడ వినలేదు. గుప్పెళ్ళతో తీసి ఆ ఎర్రచుక్క చుట్టూ పేర్చింది. ఆచారి తాత తువ్వాలు విప్పి, ఇప్పుడు ఊదొచ్చు కదా అన్నట్టు ఇద్దరి మొహాలూ చూసి, మెల్లగా ఊదాడు. భగ్గుమంది.

కుంపటి, కాగిన నీళ్ళు, వెచ్చబెట్టిన గుడ్డలు, సాంబ్రాణి పొగ, అమ్మకి శొంఠీ బెల్లం కాయం. ఏది ముందో ఏది వెనకో నాకు గుర్తు లేదు. ఆ హడావిడి మధ్యలో తమ్ముడు తుమ్మాడు. తర్వాత గుక్కపెట్టి ఏడ్చాడు. అమ్మ కూడా ఏడ్చింది. నేను వాడి పాదాలు వదల్లేదు. అవి నా చేతుల్లోనే వెచ్చబడ్డాయి.

చిన్నమ్మమ్మ లేచి చీర పిండుకుని, ఖాళీ డబ్బా తీసుకుని గుమ్మం వైపు నడిచింది. నిప్పు అడగలేదు. ఆవిడ అడిగే మనిషి కాదు. అప్పటికి దీపాల వేళ దాటింది. అమ్మమ్మ కుంపట్లోంచి కాలుతున్న పిడక ఒకటి తీసి, చిన్న కుండలో పెట్టి, మీద బూడిద కప్పి, గుమ్మానికి అడ్డం వెళ్ళి చాపింది.

"శుక్రవారం కదా అక్కా. పైగా పురిటిల్లు" అంది చిన్నమ్మమ్మ.

"నా ఇంటి నిప్పు నా చేతుల్లోనే ఆరిపోయిందే. ఇది నీ వత్తుల్లో పుట్టింది. నీది నువ్వు పట్టుకుపోవడానికి వారమేంటి?" అంది అమ్మమ్మ. కుండ ఆవిడ చేతుల్లో పెట్టి, "నిరుడు ఇచ్చి ఉండాల్సింది" అంది.

చిన్నమ్మమ్మ కుండ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేసింది. "ఆ రోజు అల్లుడు చల్ల తాగి పడుకున్నాడక్కా" అంది. ఏడాదిగా కాకికి కూడా చెప్పని మాట అది. వెళ్ళాక ఆవిడ పొయ్యి ఎక్కడ వెలిగించిందంటే, వంటపాక మునిగింది కాబట్టి నడవాలో మూడు రాళ్ళు పెట్టి వెలిగించింది. దడి సందుల్లోంచి ఆ వెలుగు మాకు కనపడుతూ ఉంది. ఆచారి తాత అప్పుడు అడిగాడు, చుట్ట ముట్టించుకోవచ్చా అండి అని.

మర్నాటి పొద్దున్నే ఇద్దరూ మళ్ళీ దెబ్బలాడుకున్నారు, కొట్టుకుపోయిన దడి కంప ఎవరిదని. కానీ ఎదురెదురుగా నిలబడి దెబ్బలాడుకున్నారు. నా ఉద్యోగం పోయింది, రెండు రకాల తాండ్రా పోయింది. చిన్నమ్మమ్మ వత్తులు మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు అమ్మమ్మ కూడా దడి దాటి వెళ్ళి పక్కన కూర్చుని చేసేదట. మేము సెలవులకి వెళ్ళినప్పుడల్లా చిన్నమ్మమ్మ తమ్ముణ్ణి పట్టుకుని, ఒరేయ్, నా నోమంతా తినేశావు కదరా అని బుగ్గ గిల్లేది. వాడికి అర్థమయ్యేది కాదు, అరటిపండు ఇస్తుంది కాబట్టి నవ్వేవాడు.

ఆ మెరక ఇప్పుడు లేదు. ఏటా కోసుకుంటూ కోసుకుంటూ గోదారి ఆ రెండిళ్ళనీ, మధ్య దడినీ పట్టుకుపోయింది. ఆచారి తాత, అమ్మమ్మ, చిన్నమ్మమ్మ, మా అమ్మ, అందరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఇద్దరం. అందులో గుర్తున్నది నాకొక్కదానికే.

హాల్లో మళ్ళీ పొగ లేచింది. పిల్లాడు సంబరంగా వంగి ఉఫ్ అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు. "ఊదకురా" అన్నాను. మా తమ్ముడు పేపరు పక్కన పడేసి లేచాడు. ఆ కథ వాడు నా నోట వెయ్యిసార్లు విన్నాడు. ఏమీ అడక్కుండా మనవడి మూతికి చేతిరుమాలు కట్టి, ఎదురుగా కూర్చుని చెక్క తొక్కిపట్టాడు. నేను పైన రాయి అదిమాను. పిల్లాడు లాగాడు. పొడి గాడిలో కుప్పపడింది. ఆవగింజంత ఎరుపు, తర్వాత శనగగింజంత.

నేను పూజ గదిలోంచి వత్తులు తెద్దామని లేచాను. తిరిగొచ్చేసరికి పిల్లాడు ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు. మా తమ్ముడి సంగతి మీకు చెప్పలేదు కదూ. మాఘమాసంలో కూడా ఏసీ కావాలంటాడు, కరెంటు పోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆ రోజు బయట రోహిణి ఎండ మండిపోతోంది, ఫ్యాన్ కట్టేసి చాలాసేపైంది, వాడి బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. వాడు మాత్రం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అరవై దాటిన ఆ రెండు చేతులూ ఆ కాస్త నిప్పు మీద చాపి ఉంచాడు.

"వెచ్చగా ఉందే అక్కా" అన్నాడు.

నేను పక్కన కూర్చుని వత్తులు ఒక్కొక్కటే పేర్చాను. చాలాసేపటి దాకా వాడు ఫ్యాన్ వెయ్యమనలేదు.